రెండు వేల అక్షరాల పెట్టె

నవంబరు. రెడింగ్‌లో నాలుగింటికే చీకటి.
మూడో అంతస్తులో నేనూ,
వెండింగ్ మెషీన్ మూలుగూ,
తెర మీద ఒక ఖాళీ పెట్టె.
"ఈ ఏడాది మీరు సాధించినది రాయండి.
రెండు వేల అక్షరాలు మించరాదు."
కర్సర్ కొట్టుకుంటోంది,
జ్వరం చూసే వేలి కింద నాడిలా.

పదకొండేళ్లు ఈ కంపెనీలో. ఆరుగురు మేనేజర్లు.
ఒకాయన నా పేరు పలకడం నేర్చుకునేలోపే
సింగపూర్ వెళ్లిపోయాడు.
ఇంకొకామె, నా సంగతి చూస్తానని మాటిచ్చిన
శుక్రవారం సాయంత్రమే
ఆమె బ్యాడ్జీ తలుపు తీయడం మానేసింది.
ఇప్పటి ఫిన్‌లేకి నేనంటే
పట్టికలో పద్నాలుగో వరుస.
మంచివాడే. పట్టిక పెద్దది.

రాయడానికి ఏముంది?
ఏప్రిల్‌లో స్టోరేజి కూలాల్సింది, కూలలేదు.
వారం ముందు ఒక రాత్రి లాగులు చదువుతుంటే
ఎక్కడో చిన్న చప్పుడు వినబడి
లేచి వెళ్లి గ్యాస్ కట్టేసినట్టు కట్టేశాను.
జరగని ప్రమాదానికి ఫొటో ఎలా తీస్తారు?
జూన్‌లో నిజంగానే కూలింది, పక్క టీమ్‌ది.
నిలబెట్టినవాళ్లకి కేకు కోశారు.
నేనూ తిన్నాను. నిమ్మకాయ కేకు. బాగుంది.

మొదటి వాక్యం తెలుగులో వచ్చింది:
పని అయిపోయింది.
ఎంత హాయిగా ఉందో చూడండి,
చేసినవాళ్లే లేరు.
అన్నం ఉడికింది, వాన వెలిసింది, పని అయింది.
మా భాషలో నేను ఎక్కడో
క్రియ చివర ఒక "ను"గా ముడుచుకుని కూర్చుంటుంది,
టికెట్ కొన్న సంగతి కూడా ఎవరికీ చెప్పని
వెనక సీటు మనిషిలా.
ఇంగ్లీషు ఒప్పుకోదు.
ముందుకొచ్చి నిలబడు, అంటుంది. నిటారుగా. పెద్దక్షరంతో.

"మేము" అని రాశాను. కొట్టేశాను.
మాకు రెండున్నాయి,
మీరు లేని మేము, మీరున్న మనం.
ఆ ఒక్క "వుయ్"లో పడేసరికి
రెండూ కరిగిపోయి
అడుగున నేను కూడా మిగల్లేదు.

గ్లెనిస్ అనేది, రిటైరయ్యే ముందు,
క్యాంటీన్‌లో ఉడికిన బంగాళాదుంప మీద బీన్స్ పోసుకుంటూ,
"పనే మాట్లాడుతుందనుకోకు.
దానికి నోరు లేదు. నోరున్నది నీకు."
ఆవిడా ముప్పై ఏళ్లు నోరు తెరవలేదు.
వీడ్కోలు కార్డు మీద ఇంటిపేరు తప్పు రాశారు.

అప్పటి నుంచీ నీలం అట్ట నోటుబుక్కు ఒకటి.
ప్రతి శుక్రవారం మూడు లైన్లు.
మొదట్లో సిగ్గేసేది,
ఎవరి డప్పు వాళ్లు కొట్టుకోకూడదని పెరిగిన చేతులు.
కానీ పాలవాడితో పేచీ వస్తే
క్యాలెండరు మీద గీతలే కదా సాక్ష్యం?
అడగందే అమ్మైనా పెట్టదంటారు.
ఫిన్‌లే అమ్మ కూడా కాదు, పాపం,
నా ఆకలి అతనికెలా తెలుస్తుంది.

తిరగేశాను.
ఏప్రిల్ పదకొండు: చప్పుడు. కట్టేశాను.
మే: కేలమ్‌కి డిజైన్ రాసిచ్చాను. చదువుతుంటే వాడి చేతులు వణికాయి.
ఆగస్టు, ఒకటే మాట: వెళ్లిపోదామా.
పక్కన నెట్‌వర్క్ టీమ్ షర్మిళా డికాస్టా నంబరు.
ఇంకా చెయ్యలేదు.

ప్రమోషన్ కేలమ్‌కి వచ్చింది.
కోపం రాలేదని చెప్పను.
ఆ రోజు కెన్నెట్ గట్టున రెండు మైళ్లు నడిచాను.
హంస ఒకటి నన్ను చూసి బుస్సుమంది.
చుట్టూ ఎవరూ లేరు కనక
నేనూ బుస్సుమన్నాను.
మర్నాడు వాడినే అడిగాను, నీ ఫారంలో ఏం రాశావని.
దాచకుండా చూపించాడు.
ప్రతి వాక్యం వాడితోనే మొదలు.
అబద్ధం ఒక్కటీ లేదు.

ఆరున్నరకి రాశాను:
నేను ఆపాను.
రాసి, కుర్చీ వెనక్కి జరిపి,
ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాను.

కార్పెట్ తుడిచే ఈవా వాక్యూమ్ ఆపి,
"ఇంకా పనేనా?" అంది.
"నా పని," అన్నాను.

పెట్టెలో ఇంకా పంతొమ్మిది వందల పైనే ఖాళీ.
బస్సు ఏడు పదికి.
షర్మిళకి రేపు చేస్తాను.
కాదు, బస్సులోంచే.