చీమల పడి

ఈ పండగ ఎట్ల పుట్టిందని అడిగితే
బడిలో అయ్యవారు సూర్యుణ్ణి చూపించాడు,
పూజారి పంచాంగం తిరగేశాడు.
కళ్ళంలో కొర్రలు తూర్పారబడుతున్న హనుమక్కవ్వ
చేట ఆపకుండా నేలకేసి చూసింది.

"మా జేజికి జేజి కాలం మాటప్పా.
మూడేండ్లు మోడం మొగం సూడల్య.
బెళుగుప్ప దావలో ఒకామె
బిడ్డను పూడ్సను గుంత తీస్తాంటే
పారకు చీమల పుట్ట తెగింది.
లోపల అరలరలుగా కొర్రలు.
వాటి పిల్లోల్ల కూడు.
కొంగు పరిసి ఎత్తుకునింది.
కుట్టినాయంటావా? ఏమో,
ఆమె యాడ ఉండాదో ఆమెకే తెలీదు.
ఇంట్లో ఇంకా ఇద్దరుండిరి.
గంజి కాంచి పోసింది.
పిడికెడు మాత్రం విత్తనానికని ఉట్టిలో దాసింది.
మర్సటేడు వాన పడింది.
తొలి పంట ఇంటికి రాలా.
పడి కొలిచి, అదే గుంత కాడికి..."

గొంతు సర్దుకుని మళ్ళీ చేట ఎత్తింది.

ఇప్పుడు ఊరి చుట్టూ చెనిక్కాయే.
అవ్వ ఒక్కతే గట్టు వారన
నాలుగు సాళ్ళు కొర్ర వేస్తుంది,
ఈ ఒక్క పడి కోసం.

"చెనిక్కాయ పోస్తే చీమలు తినవా అవ్వా?"

"తింటాయి.
నాకే సిగ్గు."