తొమ్మిదో చీటీ

తెల్లారుజామున చీటీలెత్తినారు.
మాకు తొమ్మిది పడింది.
మంచిదేలే హుసేనప్పా, అన్నాడు మా ఆసామి బసిరెడ్డి.
ఆయప్పకు తొమ్మిది కలిసొచ్చే అంకె.
నాకు తెలిసిందల్లా ఒకటే,
తొమ్మిదో జత కాడి కిందికొచ్చే యాళకు
ఎండ నడినెత్తిన ఉంటాది,
బండ కింద నల్లరేగడి పిండైపోయింటాది,
గిట్టకు పట్టు దొరకదు.

మొదటిది ప్రొద్దుటూరు జత.
కొమ్ములకు ఇత్తడి కుప్పెలు, మెడల్లో గజ్జెలు,
పెండ్లికొడుకుల మాదిరి వచ్చినాయి.
వెలపటిది మంచిదే.
దాపటిదానికి రాత్రి నీళ్ళెక్కువ తాపినారు,
డొక్క చూస్తే తెలుస్తాది.
పదో నిమిషానికి నోరు తెరుస్తాది అంటి.
తొమ్మిదికే తెరిచె.

గుత్తి జతలో ఎద్దులకేం లోపం ల్యాదు,
తోలేటోనిలో ఉండాది.
అరిస్తే బండ కదులుతాదనుకుంటాడు.
అరిస్తే కదిలేది జనం.

మూడోదాన్ని గురించి నేను మాట్లాడను.
పసుపు పూసినా వాతలు కనపడతాండాయి.

నాలుగు, ఐదు. బీడీ తాగొచ్చుకున్నా.

"ఆరో నంబరు, అవుకు జత!"
మైకులో ఆ మాట పడంగానే
లేచి ట్రాక్టరు వెనక్కి పోయినా.

ఆ దాపటిది నా చేతుల్లో పెరిగిన కోడె.
వానకు ముందర ఆకాశం రంగు దాని మూపురం,
మబ్బు అని పేరు పెట్టింది నేనే.
పాలపండ్ల నాడు కుందూ ఇసకలో
మోకాళ్ళ లోతు నడిపించినా.
మా ఖాసింబీ ఉలవలుడికించి
గుగ్గిళ్ళు దానికి, కట్టు మాకు వంచేది.
కర్ర చూపించి ఎరగను.
హొయ్ అంటే కదిలేది.
నాలిక అంగిట్లో టొక్కుమనిపిస్తే
ఎంత ఊపులో ఉన్నా నిలబడేది.
అంతే దానికి నేను చెప్పిన చదువు.

పోయిన ఎండాకాలం మూడు బోర్లు ఎండినాయి.
బసిరెడ్డి అప్పులోళ్ళకు మాటిచ్చుకున్నాడు.
కొత్త మనుషులకు అది లొంగలా,
పలుపు నా చేతనే ఇప్పించినారు.

ఇప్పుడు ఇరవై నిమిషాలు అది లాగితే
మా పందెం పోయినట్టే.
ఒక్క టొక్కు చాలు.
ఆగుతాది, చెవులు తిప్పి ఎతుకుతాది,
అర నిమిషం గంగలో కలుస్తాది.
రూల్సు కాగితంలో కొరడా గురించి రాసినారు,
ముల్లుకర్ర గురించి రాసినారు,
నాలిక గురించి రాసినోడు ల్యాడు.

బసిరెడ్డి అంత దూరం నుంచి నా దిక్కు చూసె.
ఆయప్పకు తెలుసు.
ఏమనలా. మీసం మీది చెమట తుడుచుకున్నాడు, అంతే.

తువాల కొస నోట్లో కుక్కుకున్నా.
ఉలవల వాసన, చెమట ఉప్పు.

విజిలేసినారు.
వెయ్యి అడుగులు. రెండు వేలు.
మబ్బు మెడ వంచి పోతాంటే
కుందూ ఇసకలో పోయినట్టే ఉండాది.
మలుపు కాడ ఒకసారి తల తిప్పింది.
నా గుండె ఆగిపాయ.
ఈగ వాలినందుకు తిప్పింది, నా దిక్కు కాదు.
రోంత బాధయింది.
ఎందుకని అడిగితే చెప్పలేను.

మూడు వేల నాలుగు వందల పదారు అడుగులు!
మైకు గొంతు పగిలిపాయ,
మిద్దెల మీదున్నోళ్ళు ఈలలేసిరి.
నోట్లో గుడ్డ పెట్టుకోని
ఓడేటోణ్ణి నేనూ చప్పట్లు కొడతాంటి.

ఏడు, ఎనిమిది ఎట్ల పోయినాయో చూడలా.

మావి కాడి కిందికొచ్చినాయి.
వెలపటిదానికి భయం ల్యాదు.
మబ్బు జాగాలో తెచ్చిన దాపటిది మాత్రం
ఇప్పటికీ నాలుగడుగులేసి ఆగుతాది,
ఎవరి నోటి సద్దు కోసమో చెవులు నిక్కిస్తాది.
ఏ ఊరిదో, ఎవడు సాకినాడో,
అమ్మినోళ్ళు నాకు చెప్పలా.
హొయ్ అన్నా, హైయ్ అన్నా,
పేర్లన్నీ మార్చి మార్చి పిలిచినా.
దాని మాట నాకింకా దొరకలా.

తొమ్మిదో నంబరు, తొమ్మిదో నంబరు అంటాండారు.
తువాల నోట్లోంచి తీసినా.
నాలిక ఎండి అంగిటికి కరుచుకోనుండాది.