అడుగు లెక్క

మా కౌంటీలో ఇళ్ళకు వెల కట్టేది నేనే.
చేతిలో టేపు, జేబులో కుక్కలకు వేసే బిస్కెట్లు,
బూటు కింద ఎప్పుడూ బురదో మంచో.
ఇరవై రెండేళ్ళ ఉద్యోగం.

ఇక్కడ ధర గోడల్లో ఉండదు, గదుల్లో ఉండదు.
ఎన్ని అడుగులు నీటివైపు తిరిగి ఉన్నాయో
అందులో ఉంటుంది.
రంపపు మిల్లు నడిచిన రోజుల్లో ఆ ఒడ్డు ఎవరికీ అక్కర్లేదు:
దోమలు, జౌకు నేల,
మంచు కరిగే నెలలో చచ్చిన చేపల కంపు.
కూలీలు తుక్కు చెక్కలు ఏరుకొచ్చి
గూళ్ళు కట్టుకున్నారు.
ఆ దోమల మధ్యే ఒక సూర్యాస్తమయం ఉందని
తర్వాతెప్పుడో
షికాగో దంతవైద్యుడొకాయన కనిపెట్టాడు.

కిందటి మార్చిలో వెర్నా రౌతియో
పన్ను నోటీసుతో నా బల్ల ముందుకొచ్చింది.
స్కూలు బస్సు నడిపే మనిషి.
స్టీరింగు పట్టినట్టే పట్టుకుంది కాగితాన్ని, రెండు చేతులా.
“కారేది అదే కప్పు.
విరిగింది అదే మెట్టు.
ఒక్క మేకు కొత్తగా దిగలేదు.
మరి ఇల్లు ఏం తిని ఇంత బలిసింది?”

పక్కింటిని తిని, అన్నాను.
పక్కిల్లు నాలుగింతలకు పోయిందని
అమ్మకాల పట్టీ తిప్పి చూపించాను.
నవ్వుతుందనుకున్నాను.
అప్పీలు ఫారం ఇచ్చాను, పెన్ను ఇచ్చాను.
పెన్ను బల్ల మీద పెట్టేసి వెళ్ళింది.

ఆగస్టులో అమ్మేసింది.
బాగానే ముట్టింది కదా, అన్నారు కాఫీ కొట్టు దగ్గర.
ముట్టింది. సగం బ్యాంకు ముట్టుకుంది.
మిగిలినదానికి
నలభై మైళ్ళ అవతల, నీటి చుక్క కనపడని చోట,
రెండు గదులొచ్చాయి.
ఇప్పుడు బస్సు నడపడానికి
చీకటితో లేచి నలభై మైళ్ళు కారు నడుపుతుంది.
కిందటేడు బస్సులో ముప్ఫై ఒక్కమంది పిల్లలు.
ఈ ఏడు పంతొమ్మిది.
సీట్లు మాత్రం అన్నీ తుడుస్తుంది.

ఆర్విడ్ సాలో నడుముకి ఇరవై ఆరు తాళంచెవులు.
అక్టోబరు నుంచి మే దాకా
ఆ ఇరవై ఆరు ఇళ్ళకూ దీపం, కాపలా అతనే.
పైపుల్లో నీళ్ళు వదిలేస్తాడు,
కప్పుల మీద మంచు తోస్తాడు,
ఎవరూ లేని వంటగదుల్లో
ఫ్రిజ్ తలుపులు కాస్త తెరిచి ఉంచుతాడు, బూజు పట్టకుండా.
రాత్రికి ట్రైలర్‌కి చేరతాడు.
దానికి తాళం లేదు. గొళ్ళేనికి తాడు.

నా సంగతి మీరు అడగలేదు.
నేను వెల కట్టిన వాటిలో
నా జీతానికి అందేది ఒక్కటీ లేదు.
ఎర పురుగులమ్మే కొట్టు పైన అద్దె గది.
జులై రాగానే ఓనరు మొహమాటంగా దగ్గుతాడు:
టూరిస్టులు వారానికిచ్చేది
నేను నెలకిచ్చేదాని కన్నా ఎక్కువ.
ఆ ఎనిమిది వారాలూ చెల్లెలి గరాజులో,
పడవ పక్కన మడత మంచం.
పడవ కూడా వాళ్ళది కాదు.

జనవరి చివర
సరస్సు పదకొండంగుళాల మందాన గడ్డకట్టింది.
ఒక్కొక్కటే మంచు మీదికి వచ్చాయి చేపల గుడిసెలు,
ట్రక్కుల వెనక జారుకుంటూ.
గుడిసె తలుపు మీద పేరూ చిరునామా రాయాలని రూలు.
వెర్నా ఆకుపచ్చ పెయింటుతో రాసింది,
పాత చిరునామా.

సర్కారు మనిషిని, చెప్పాలి.
తలుపు కొట్టి లోపలికెళ్ళాను.
చిన్న పొయ్యి, తిరగేసిన బకెట్, ఫ్లాస్కులో టీ.
గాజు పలకలోంచి అవతలి ఒడ్డున ఆమె ఇల్లు,
కొత్త కప్పుతో, దీపం లేకుండా.
అలవాటు చావదు, టేపు తీశాను.
ఆరు బై ఎనిమిది.
నాలుగు దిక్కులా సరస్సే.
మార్చి పదిహేనుకల్లా తీసేయాలి.

“ఎంత పలుకుతుంది?” అంది,
మంచు కన్నంలోకి దారం వదులుతూ.

అడుగు తగిలిందా, అన్నాను.

“ఇంకా లేదు.”

దారం దిగుతూనే ఉంది.