దారి అడిగితే

అట్-బాషి బడిలో, వేసవి మేతకొండకి దారెటని అడిగాను.
నుర్బొలోత్ అందుకున్నాడు:
తాతని గుర్రం పడేసిన వాగట,
దాని వంతెన డబ్బు మింగిన పెద్దమనిషట,
అతగాడి మూడో కోడలి నోరట...
వింటూ వింటూ
నేను దారి తప్పాను.

కవల చెల్లి ఐజిరెక్ పెదవి కదపలేదు.
నా ఎడమచెయ్యి లాక్కుని
గుప్పిట మడిచి పెట్టింది.
కణుపులు కొండలయ్యాయి,
వాటి మధ్య పల్లంలో
చూపుడువేలితో మెల్లగా నడిచింది.
ఉంగరం దగ్గర ఆగి వణికింది: అక్కడ మంచు.
మణికట్టు మలుపులో
వాళ్ళ గుడారం, నాడి కొట్టుకుంటూ.

రిజిస్టర్లో ఆ పిల్ల పేరు పక్కన
'మాట మందం' అని రాసింది నేనే, నిరుడు.
కొట్టేశాను.
బదులుగా ఏం రాయాలో
మాట దొరకలేదు.

ఎడమచెయ్యి ఇంకా విప్పలేదు.