జ్యూస్ బండ దాటాక

ఓస్లో నుంచి నాలుగు గంటల దారి.
ఈస్టర్‌కి కొండమీది కేబిన్‌కి ఈసారి ఇద్దరమే వచ్చాం.
నారింజపళ్లు మాత్రం నలుగురివి.
కొట్లో చెయ్యి దానంతటదే పెద్ద వలసంచీ మీదికి పోయింది,
డబ్బు కట్టి కార్లో పెట్టేదాకా గుర్తే రాలేదు.

సున్నివాకి హ్యాండ్‌బాల్ టోర్నమెంటు.
ఆస్లాక్‌కి పెట్రోల్ బంకులో పని,
పండగ రోజుల్లో సాసేజ్‌లు అమ్మితే రెట్టింపు జీతమట.
"మీరు వెళ్లండమ్మా, ఏం పర్లేదు" అన్నాడు
సెలవు మంజూరు చేసినట్టు.
వాడి గొంతు అంత లోతుకి ఎప్పుడు దిగిందో.

హల్వోర్ పొయ్యి రాజేశాడు.
నీళ్లకోసం మంచు కరిగించాం.
ఒక్క బకెట్ చాలింది.
ఆ ఒక్క బకెట్‌నీ ఇద్దరం నిలబడి కాసేపు చూశాం.

రాత్రి పాచికల డబ్బా తీస్తే
మూతలో పాత స్కోరు కాగితాలు.
తొమ్మిదేళ్లప్పుడు ఆస్లాక్
కూడిక తప్పు చేసి గెలిచిన ఆట ఒకటి.
ఆ రోజు ఎవరం నోరెత్తలేదు.
హల్వోర్ పెన్సిల్ అందుకుని
దిద్దబోయి, మళ్లీ అక్కడే పెట్టేశాడు.

మాట్లాడుకున్నాం.
వాళ్ల గురించి.
తర్వాత పైకప్పు గురించి.
తర్వాత పొయ్యిలో కట్టె టప్పుమంటే దాని గురించి.

పొద్దున్నే స్కీలు కట్టుకున్నాం.
ముందు తను, మంచులో దారి తీస్తూ.
ప్రతి ఎత్తు దగ్గరా ఆగి వెనక్కి చూస్తాడు.
వెనక నేను ఉన్నాను కదా,
నా వెనక చూస్తాడు.

జ్యూస్ బండ వచ్చింది.
మ్యాపులో దానికి పేరు లేదు, పేరు పెట్టింది సున్నివా.
పదిహేడేళ్లుగా మా లోకం అక్కడితో సరి.
ఫ్లాస్కులో వేడి బెర్రీ జ్యూసు,
ముక్కులు తుడవడం,
సరిగ్గా అన్నీ తొడిగాక ఒకరికి ఒంటేలు రావడం,
ఇంకొకరు "నేనింక నడవను" అని
మంచులో అడ్డంగా పడుకోవడం,
వెనక్కి తిరగడం.

చాక్లెట్ నాలుగు పుల్లలుగా విరుగుతుంది.
మనిషికి రెండు.
రెండోది నోట్లో పెట్టుకుంటుంటే దొంగతనంలా ఉంది.
పెట్టుకున్నాం.

"అటేపు ఏముంటుందో" అన్నాను.
అన్నాక, ఇద్దరం ఒకళ్లనొకళ్లం చూసుకున్నాం.

ఏముందని?
గడ్డకట్టిన ఓ సరస్సు.
దానికి బొక్క పెట్టి, మడత స్టూలు మీద ఓ ముసలాయన,
స్వెటరు తొడుక్కున్న కుక్క.
పొద్దుట్నుంచీ ఒక్క చేపా పడలేదని
ఎంతో సంతోషంగా చెప్పాడు.
పిల్లలెంతమంది అని అడగలేదు.
వచ్చిన దారిలో మంచు మెత్తగా ఉందా అనడిగాడు.
రెండు నారింజలు ఇచ్చాం. తొక్కు కుక్కకి నచ్చలేదు.

తిరుగు దిగుడులో హల్వోర్ పడ్డాడు.
లేపుదామని చెయ్యిస్తే నన్నూ లాగేశాడు.
చొక్కాలోకి మంచు పోయి నేను అరిచిన అరుపుకి
ఎవరూ కళ్లు పైకి తిప్పలేదు,
ఎవరూ "అమ్మా, జనం చూస్తారు" అనలేదు.
జనం లేరు.
లేవడానికి చాలాసేపు పట్టింది. మోకాళ్ల వల్ల కొంత.

బండ దగ్గరికొచ్చేసరికి సిగ్నల్ అందింది,
జేబులో ఫోన్ రెండుసార్లు గిలగిల్లాడింది.
ఆస్లాక్: బట్టల మెషీన్‌లో పౌడర్ ఏ అరలో వెయ్యాలి?
సున్నివా: గెలిచాం.
కింద, గుడ్డ చుట్టిన బొటనవేలి ఫొటో.

గ్లవ్ పళ్లతో లాగి హల్వోర్ టైప్ చేశాడు:
ఎడమ అరలో. ఎర్ర సాక్సులు విడిగా.

నేను బొటనవేలిని పెద్దది చేసి చూశాను.
మడత మీద మడత, చివర చిన్న ముడి.
ఎవరు కట్టారో గానీ
బాగానే కట్టారు.