వేట నిషేధం రోజుల్లో కారంపూడి

అరవై ఒక్క రోజులు సముద్రం జోలికెళ్ళకూడదు.
పడవలు రేవులో తాళ్ళకి కట్టుబడి ఊరికే ఊగుతుంటాయి.
వలల అంచున సీసం గుండ్లకి పనుండదు.
అప్పుడు వాటిని కరిగించి మనుషుల్ని పోస్తాం.

నరసాపురంలో స్టీమరు రేవు దగ్గర నా గడియారాల కొట్టు.
వెనక గదిలో రెండు ఐసు పెట్టెల మీద ఒక తలుపుచెక్క,
దాని మీద కొబ్బరిపొట్టు చల్లితే అది పల్నాడు.
రొయ్యల చెరువు గట్టున చింపుకొచ్చిన నీలం పట్టా నాగులేరు.
రాళ్ళకే ఇబ్బంది.
మా ఒండ్రులో గులకరాయైనా పుట్టదు.
రైలుకట్ట మీద ఏరుకొచ్చిన కంకర
పల్నాటి రాయిలా లేదని బంగారయ్య ఏటా సణుగుతాడు.

బొటనవేలంత సైనికులు.
కంటికి భూతద్దం బిగించి, చిమటాతో పట్టి
ముక్కూ మొహం నేను దిద్దుతాను.
మాచర్లకి పసుపు తలపాగా, గురజాలకి నీలం.
చాలకపోతే నీలం మీదే పసుపు పూస్తాను.
ఎండేసరికి ఒక్కోడు ఆకుపచ్చగా తేల్తాడు.
వాణ్ణి ఏ పక్షమూ ఒప్పుకోదు.

గిడియోను అన్న, నతానియేలు తమ్ముడు.
పడవ కోర్టులో ఉంది, వలలు చెరిసగం.
రెండేళ్ళుగా మాటల్లేవు.
"మస్తానూ, ఆయన్నడుగు, గుర్రాలు ఏరు దాటతాయా లేదా?"
"దాటతాయని చెప్పవయ్యా మస్తానూ. ఆయ్, పాచిక పడనీ."
బారెడు చెక్కకి అటొకడు, ఇటొకడు,
మధ్యలో మాట మోసే మనిషిని నేను.

సంధి మాటకెళ్ళి విషం తిని పోయాడే అల్లుడు,
ఆయన బొమ్మ కూడా ఉంది మా దగ్గర.
యుద్ధానికి ముందే చచ్చాడు గనక చెక్క మీద చోటు లేదు.
గల్లాపెట్టెలో చిల్లర మధ్య పడుకుంటాడు.

బంగారయ్య లాకుల దగ్గర లస్కరు చేసి దిగాడు.
దూరాలు ఆయనే కొలుస్తాడు, నీటిమట్టం చదివినట్టు:
"తొమ్మిది అంగుళాలు. నిలకడగా ఉంది."
కోడిపందెం కాణ్ణించీ మొదలెడదామంటాడు ప్రతిసారీ.
పోలీసులొస్తారండీ అంటే నవ్వడు.

ఈ ఏడు మే నెలాఖర్న గాలివాన.
పసుపు గుర్రాలు ఏటి మధ్యలో, నీలం ఈటెలు గట్టు మీద,
నతానియేలు గుప్పిట్లో పాచికలు.
కరెంటు పోయింది.
ఎవరి మోకాలో తగిలి చెక్క కదిలింది,
ఏదో జారి పడింది.
రేకుల మీద వాన,
గోడకి పదకొండు గడియారాలు, ఏ రెండిటికీ పొత్తు కుదరక.
ఆ చీకట్లో గిడియోను గొంతు:

"తమ్ముడూ, కదలకు. నీ కాలికింద గుర్రవుంది."
"ఎవరిది?"
"తెలీదు. కదలకు."

వంగినట్టున్నాడు, కీళ్ళు టప్పున పలికాయి.
అరచేయి నేల తడుముతున్న చప్పుడు,
ఒకచోటికొచ్చి ఆగింది.
గుర్రం దొరకడానికి అంతసేపు పట్టదు.

కరెంటొచ్చింది.
గుర్రానికి మెడ వంగింది, రంగంతా రాలింది,
ఎవరిదో నేనూ చెప్పలేకపోయాను.
గిడియోను దాన్ని తెచ్చి నా ముందు నిలబెట్టి
"మస్తానూ, ఆయన్నడుగు, పాచిక వేస్తాడా లేదా?" అన్నాడు.
అడిగాను.

కారంపూడిలో ఈసారి ఎవరు గెలిచారో
బంగారయ్య నోటుబుక్కులో రాసుకున్నాడు.
జూన్ పద్నాలుగు రాత్రి
అందర్నీ ఇనప మూకుట్లో వేసి కరిగించాం.
తలపాగాలు ముందు పొగైపోయాయి.
తర్వాత కాళ్ళు, కాళ్ళ తర్వాత మొహాలు,
నేను నెల్రోజులు దిద్దిన మొహాలు.

గుండ్లు పోసి, చల్లార్చి, లెక్కపెట్టి చెరిసగం పంచాను.
పోయినేడు ఒక గుండు తక్కువొచ్చింది.
ఈసారి రెండు.
అన్నదమ్ములిద్దరూ ఒకేసారి నా వైపు చూశారు.
నేను గల్లాపెట్టెకి ఆనుకుని నిలబడ్డాను.