రబ్బరు బేరం

కేజీహెచ్ డౌన్‌లో మందులకొట్టు సాంబమూర్తి
పసుపు గొట్టం మూరేసి కోసిస్తూ
"ఎవరికి బాగోలేదు?" అన్నాడు.
ఎవరికీ కాదు,
పెరట్లో వేలాడే పాలపొడి డబ్బాకి.

సైకిల్ ట్యూబు మొండిది. లాగితే వస్తుంది,
వదిలాక ఆలోచిస్తుంది.
ఈ గొట్టం చెప్పకముందే వెళ్ళిపోతుంది,
కానీ జాలారిపేట ఉప్పుగాలికి
నెల తిరక్కుండా ముడి దగ్గర పగుళ్ళు.
పౌడరు పూసి, మూత బిగించి సీసాలో దాస్తాను.
ఊరగాయకి లేని భోగం అంటుంది మా ఆవిడ.

గాజువాక నుంచి బేరింగు గుళ్ళు తెచ్చాడు నూకరాజు.
ఒక్కటేశాను.
గోడకి కొట్టి వెనక్కొచ్చి
నా చెవి పక్క ఏదో చెప్పి పోయింది.
మిగతా గుప్పెడూ అతని జేబులోనే పోశాను.
గోలీలా? పగుల్తాయి. పిల్లలు చెప్పుల్లేకుండా తిరిగే చోటు.

ఇప్పుడు కాలవ తవ్వినప్పటి మట్టే.
రేగుపండంత ఉండలు, నీడలో నాలుగు రోజులు.
ఉండ తేలికని గొట్టం సన్నంది కట్టాను;
బలం మిగిలిపోతే ఆ దెబ్బ
ఉండేలు పట్టిన వేళ్ళకే.

నిన్న వాన.
గోడ మీది ఎర్రమరకలు, గురి తప్పినవన్నీ,
మళ్ళీ కాలవలోకే జారిపోయాయి.
డబ్బా సొట్టలు తడిమి లెక్కపెట్టాను:
పదకొండు.
ఒకటి నూకరాజుది.